అలివేణి గోడలో దొరికిన శంకు

గోడ తుడుపు రోజు

ఈ దినచర్యలో వర్గీకరణ గదికి సంబంధించిన సంగతులే రాయాలని నియమం. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ నేనా నియమం తప్పలేదు. ఇవాళా తప్పడం లేదు. కేదారి ఈ గదిలో లాంతరు పట్టే మనిషి. కాబట్టి కేదారి గురించి రాస్తే గది గురించి రాసినట్టే.

పొద్దున అందరితోపాటు నేనూ గుడ్డా గిన్నే పట్టుకుని మా సొరంగం గోడలు తుడిచాను. పట్టిన చెమ్మంతా పిండితే బిందె నిండలేదు. పైన ఎండలు ముదురుతున్నాయని, అందుకే రాతిలో చెమ్మ తగ్గుతోందని పక్కవాళ్ళు గొణుక్కున్నారు. ఉన్న నీళ్ళు వడపోతకిచ్చి వచ్చేసరికి గది గుమ్మంలో కేదారి నిలబడి ఉన్నాడు. పక్కన ఎవరో కొత్త మనిషి.

"వకుళా, ఈమె అలివేణి. సముద్రం పక్క నుంచి నడిచొచ్చింది. మూడో సొరంగంలో చోటిచ్చారు. పడక గూడు తొలస్తంటే ఇది బయటపడిందంట, చూడు" అన్నాడు. తానే తవ్వి తీసినంత గర్వం ఆ గొంతులో.

"దండాలమ్మా. నానేటీ ఇరగ్గొట్నేదు. ఎలాగున్నదలాగే తెచ్చీసినాను" అందామె, కొంగు ముడి విప్పుతూ.

బొటనవేలంత శంకు నత్త గుల్ల. ఈ రాయి సముద్రపు బురదగా ఉన్న రోజుల్లో బతికిన ప్రాణి. రంగంతా పోయి సున్నం ముద్దలా తెల్లబోయి ఉంది. శంకు నత్తలంటే నాకు మొదట్నించీ అభిమానం. నోట్లో విషపు ముల్లు దాచుకుని, ఎవరి జోలికీ పోనట్టు మెల్లగా పాకుతూ వేటాడేవట. పైన సముద్రంలోనూ ఇప్పుడవి లేవు.

మా తాతలు ఎండ తట్టుకోలేక ఈ సున్నపురాతి గనుల్లోకి దిగినప్పుడు, ఎవరి ఇంటిపేరు వాళ్ళు పైనే వదిలి రమ్మన్నారు. ఆ పేర్లతోపాటు పాత తగువులూ దిగుతాయని భయం. అప్పట్నించీ మా అడుగూరులో ఎవరు గూడు తొలిచినా, వాళ్ళ గోడలో మొదట దొరికిన గుల్లే వాళ్ళ ఇంటిపేరు. అంతరించిన ప్రాణి పేరు నిలబెట్టినట్టూ ఉంటుంది, మనిషికి ఇల్లు దొరికినట్టూ ఉంటుంది. దగ్గరి జాతులన్నీ కలిస్తే ఒక ప్రజాతి. ఒకే ప్రజాతి గుల్లలున్న ఇళ్ళవాళ్ళు తోబుట్టువులు. వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు. ఏ గుల్ల ఏ ప్రజాతిదో తేల్చేది నేను. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ నా బల్ల మీదుగానే వెళ్తాయి, నా పెళ్ళి తప్ప.

మా రాతిలో దొరికే శంకులు రెండు ప్రజాతులు. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలున్నవి చీకటి శంకులు. తెల్లటి ఒంటి మీద నల్ల చుక్కలున్నవి వెన్నెల శంకులు. కేదారిది చీకటి శంకు ఇల్లు. నాది గవ్వల ఇల్లు, నాకూ ఏ శంకుకీ చుట్టరికం లేదు. ఈ సంగతి ఇక్కడ ఎందుకు రాశానో నాకు తెలుసు.

ఆమె కూర్చోడానికి కేదారి పీట వేశాడు. ఆ పీట ఈ గదిలో ఉందన్న సంగతే నాకు తెలియదు.

ఆకు కోత రోజు

ఆకు సొరంగంలో ఊదా దీపాల కింద తోటకూర కోస్తున్నాను. కేదారి వచ్చి పక్క మడిలో కూర్చున్నాడు.

"ఏటి వకుళా, ఇయ్యాల మాటాపలుకూ లేదు?" అన్నాడు.

ఏటి! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ‘ఏంది’ అన్న నోరది. ఆమె వచ్చి ఎన్నాళ్ళయిందని? లాంతరు ఎత్తులో పెట్టమని నేను చెప్పిన మాట వాడి బుర్రకెక్కడానికి ఒక ఏడాది పట్టింది. ఆమె యాస మాత్రం నాలుగు పూటల్లో పట్టుబడింది.

"నీ నోటికేమైంది?" అన్నాను.

వాడు నవ్వేశాడు. ఆ నవ్వు చూస్తే నా కడుపు ఇంకా మండింది. మడి చివర అలివేణి నడుం మీద బుట్ట పెట్టుకుని నడుస్తుంటే, చేతిలో కొడవలి నా ముందు పడేసి పరిగెత్తి ఆ బుట్ట అందుకున్నాడు. నా బుట్ట నిండి, కాడలు కింద రాలుతున్నాయి. అవి వాడి కాలికే తగిలాయి. తొక్కకుండా దాటాడు, అదొక్కటే మర్యాద.

ఆ బుట్ట దింపి వచ్చి గొంతు తగ్గించాడు. "ఆ శంకుని ఎప్పుడు చూద్దాం?"

"తొందరేముంది? అది చచ్చి యుగాలైంది. ఇంకో రెండు రోజులాగితే పాడవదు."

"అది కాదే. అది మా చీకటి శంకు కాకపోతే, నేను అలివేణిని చేసుకుందామనుకుంటన్నా. ఆమెకీ ఇష్టమే. దారిలో తమ్ముడు పోయాడంట, పాపం ఒక్కతే మిగిలింది. ముందు నీకు చెప్పాలనిపించింది. నీకంటే నాకెవరున్నారు చెప్పు?"

‘నీకంటే నాకెవరున్నారు’ అన్న మాట కోసం నేను ఎన్నేళ్ళు ఆ గదిలో కూర్చున్నానో వాడికి తెలియదు. తీరా అది వచ్చింది, ఇంకొకరి పెళ్ళి కబురు మోసుకుని. తెల్లమొహం వేసుకుని "మంచిదేగా" అన్నాను. తోటకూర బదులు వేలు కోసుకున్నాను. కేదారి కంగారుపడి గుడ్డపేలిక చింపి కట్టబోయాడు. "ఉండు, నాను కడతాను" అని అలివేణి వచ్చి, వాడి చేతిలోది తీసుకుని నా వేలికి కట్టింది. చక్కగా, నొప్పి తెలియకుండా కట్టింది. అది కూడా నాకు నచ్చలేదు.

లాంతరు రోజు

చూపు ముగిసింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మామూలు వెలుతురులో ఈ గుల్లలన్నీ తెల్లగానే ఉంటాయి. ఊదా లాంతరు దగ్గరగా పెడితే, ఒకప్పుడు రంగున్న చోటు వెలుగుతుంది. రంగు లేని చోటు చీకటిగా ఉంటుంది. అంటే కళ్ళకి తలకిందులుగా కనిపిస్తుంది. వెలుగున్న చోట నలుపు చెప్పాలి, చీకటి ఉన్న చోట తెలుపు చెప్పాలి. దీపాల కిందే పుట్టి పెరిగినవాళ్ళం మేము. వెలిగేది తెల్లగా ఉంటుందని మాకు పుట్టుకతో వచ్చిన నమ్మకం. కొత్తగా నేర్చుకునే ప్రతివాళ్ళూ ఇక్కడే తప్పు చెబుతారు. మా గురువు విరూపాక్షయ్య గారు ఈ ఒక్క తప్పుకి నా వేళ్ళ కణుపుల మీద ఎన్నిసార్లు కొట్టారో లెక్కలేదు.

ఆ లాంతరు కళ్ళకి మంచిది కాదు. చూసేవాళ్ళకి పసుపు కళ్ళద్దాలున్నాయి. లాంతరు పట్టేవాడు మరీ దగ్గరగా ఉంటాడు కాబట్టి కళ్ళకి నల్లగుడ్డ కట్టుకుంటాడు. వాడేమీ చూడడు. నేను చూసి చెప్పిన మాట విని, పంక్తి రోజున ఊరందరి ముందూ వాడే ప్రకటిస్తాడు. చూసిన నోరు, చెప్పే నోరు వేరుగా ఉండాలని ఆచారం.

ముందు మామూలు వెలుతురులో గుల్ల ఆకారం చూశాను. భుజం వెడల్పు, నెత్తి మీద మెట్లు మరీ పొట్టి, అడుగున సన్నటి గీతలు. మా దగ్గరున్న ఏ శంకుతోనూ కలవలేదు. కొత్త జాతి! ఇన్నేళ్ళ నా కొలువులో మొదటి కొత్త జాతి. అది నా గోడలో దొరకలేదు. నిన్నగాక మొన్న వచ్చిన మనిషి పడక కోసం గూడు తొలిస్తే ఆమె ఒళ్ళో పడింది. అదృష్టం కూడా ఆమెకే పీట వేసింది.

అలివేణి గుమ్మం బయట కూర్చుని ఉంది. "అమ్మా, కొత్తదైతే దానికి పేరు నానెట్టొచ్చా? మా తమ్ముడి పేరెడతాను" అని తలుపు చాటు నుంచి అడిగింది.

"పెట్టుకోవచ్చు, ముందు చూడనీ" అన్నాడు కేదారి. నన్నడిగితే వాడు జవాబిచ్చాడు. ఆ వెంటనే నల్లగుడ్డ కట్టుకుని లాంతరు దించాడు.

చీకటి ఒంటి మీద వరసలు వరసలుగా చుక్కలు వెలిగాయి. ఒక్క వరసా చెరిగిపోలేదు. అంటే తెల్లటి ఒంటి మీద నల్ల చుక్కలు. వెన్నెల శంకు. సందేహమే లేదు.

కేదారి ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. నల్లగుడ్డ కింద వాడి పెదాలు కదులుతున్నాయి, ఏదో మొక్కుకుంటున్నట్టున్నాడు. నా కోసం ఆ పెదాలు ఏనాడూ అలా కదల్లేదు.

"నల్ల ఒళ్ళు. తెల్ల చుక్కలు" అన్నాను.

లాంతరు ఊగింది. "సరిగ్గా చూడు వకుళా. ఇంకోసారి చూడు."

"చూసిందే చెప్పాను."

నిజమే మరి, కళ్ళకి కనిపించిందే చెప్పాను. అందులో ఒక్క ముక్క కల్పన లేదు. తిప్పి చెప్పాల్సింది తిప్పలేదు, అంతే. ఈ వాక్యం రాసి మళ్ళీ చదువుకున్నాను. నన్ను నేను ఇంత సులువుగా మోసం చేసుకోగలనని ఇంతకు ముందు తెలియదు.

వాడు గుడ్డ విప్పాడు. గుడ్డ తడిసి ఉంది. ఒక్క క్షణం నాకు జాలి వేసింది. ఆ తడి ఎవరి కోసమో గుర్తొచ్చి, ఆ జాలి కాస్తా పోయింది.

పంక్తి రోజు

ఊరంతా ఒకే వరసలో కూర్చుని తినే రోజిది. పుట్టగొడుగుల పులుసు వడ్డించాక విరూపాక్షయ్య గారు లేచారు. ఇప్పుడాయన ఊరి పెద్ద. కళ్ళు పొరలు కమ్మి, ఆయనకి గుల్లలు కనిపించడం మానేసి చాలా కాలమైంది. "మా వకుళ చూపు నా చూపే. అందులో తేడా రాదు. కేదారీ, చెప్పు నాయనా" అన్నారు. నేను పులుసు కలుపుతూ కూర్చున్నాను.

కేదారి నిలబడ్డాడు. "మూడో సొరంగంలో అలివేణి గోడలో దొరికింది కొత్త జాతి శంకు. పేరు చిట్టిబాబు శంకు. చీకటి ప్రజాతి" అని ఆగాడు. "ఈ రోజు నుంచి అలివేణి నాకు చెల్లెలు."

నేను అలివేణినే చూస్తున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవాలని కోరుకున్నాను కూడా, దాచడం ఎందుకు. కాసేపు తల దించుకుని కూర్చుంది. తర్వాత తన పళ్ళెం తీసుకుని లేచి, వరస దాటి వెళ్ళి కేదారి పక్కన కూర్చుంది.

"పోనీలే అన్నా. దారిలో ఒకడు పోయినాడు, ఇక్కడొకడు దొరికినాడు. నాకదే సాలు" అంది.

ఆడవాళ్ళందరూ కళ్ళు తుడుచుకున్నారు. కేదారి తన పళ్ళెంలో ముద్ద తీసి ఆమె పళ్ళెంలో పెట్టాడు. ఆమె తినేదాకా వాడు తినలేదు.

సున్నం ఎత్తు రోజు

అందరం తట్టలతో సున్నపుపొడి ఎత్తిపోశాం. నా ముక్కు నిండా పొడి, ఒళ్ళంతా తెలుపు. అలివేణి మొహం మీది పొడిని కేదారి తన కండువాతో తుడిచాడు. అన్న కదా, హక్కుంది. ఎవరూ అటు తిరిగి కూడా చూడలేదు.

నేను మరిచిపోయిన సంగతొకటుంది. మా ఊళ్ళో మొగుడూపెళ్ళాలు వద్దనుకుంటే పంక్తి రోజున ఎదురెదురు వరసల్లో కూర్చుంటే చాలు, ఆ పెళ్ళి తెగినట్టే. తోబుట్టువుల బంధం తెగదు. చూపు తప్పని చూసినవాళ్ళే ఒప్పుకుంటే తప్ప దాన్ని విడదీసే దారి లేదు, అలా ఒప్పుకున్నవాళ్ళు మళ్ళీ గుల్ల ముట్టుకోకూడదు. పైగా ఎవరూ లేని చెల్లెలికి అన్న ఇంట్లో బతికినంతకాలం చోటుంటుంది. నిన్ననే ఆమె తన మూటతో కేదారి ఇంటికి వెళ్ళిపోయింది. పెళ్ళి చేసుకుంటే ఏ రెండేళ్ళకో మొహం మొత్తి విడిపోయేవాళ్ళేమో! నా చేతులారా వాళ్ళకి విడదీయరాని ముడి వేశాను.

వాడిప్పుడు గదికి ఆలస్యంగా వస్తున్నాడు. వచ్చి అలివేణి ఏం వండిందో చెబుతాడు. చేపలు లేకుండానే చేపల పులుసు వాసన తెప్పిస్తుందట. వాళ్ళ ఊరి మీదికి సముద్రం ఎలా వచ్చిందో చెబుతుంటే రాత్రి వీడికి ఏడుపొచ్చిందట. నాకు అదే కథ మళ్ళీ చెబుతూ ఇక్కడా ఏడ్చాడు. ఇంతకు ముందు ఆమెని చూసి నా కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని. ఇప్పుడు వాళ్ళిద్దరూ ఉన్న ఆ ఇంటి గోడల్ని చూసినా అంతే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని చప్పున కళ్ళు దించుకోవడం నాకొక్కదానికే కనిపిస్తుంది. ఆ కళ్ళు దించుకోనక్కర్లేదని కూడా నాకొక్కదానికే తెలుసు.

ఆకు కోత రోజు

మడిలో అలివేణి నా పక్కనే వచ్చి కూర్చుంది. కాసేపు ఆకు కోసింది. "వకులమ్మా, ఓ మాటడగనా?" అంది.

"అడుగు."

"మా అన్నని సేసుకుంటావా?"

నా చేతిలో కొడవలి ఆగిపోయింది.

"ఈ ఊర్లో అన్నకి సంబంధం సెల్లెలే అడగాలట గదా. ఆడు నోరిప్పి సెప్పడు. నువ్వంటే ఆడికి గౌరవం. నీకు ఆడంటే ఇష్టమని నాకు మొదటి రోజే తెలిసిపోనాది. నానొచ్చి పీట మీద కూకున్నప్పుడు నువ్వు సూసిన సూపుంది సూడు." నవ్వింది. "అప్పుడు నాకు బయమేసినాది. ఇప్పుడేటి బయం, నువ్వు మా వొదినవైపోతే?"

"కేదారి ఏమన్నాడు?" అని అడిగాను.

"మొదట ఒద్దన్నాడు. ‘నీకేటి కావాలో సెప్పు, సేస్తాను’ అన్నాడు. నాకు వొదిన కావాలన్నాను. సరే నీ ఇష్టం అన్నాడు."

సరే నీ ఇష్టం.

ఇన్నేళ్ళుగా నేను కోరుకున్న మనిషిని ఆమె అడిగిందని నాకు ఇస్తున్నాడు వాడు. చెల్లెలికి చీర పెట్టినట్టు వదినని పెడుతున్నాడు. నేను ఒప్పుకుంటే ఆమె నా ఆడపడుచు. నా ఇంట్లో, నా పొయ్యి దగ్గర, నా మొగుడికి ఏం ఇష్టమో నాకు చెబుతూ బతికినంతకాలం ఉంటుంది. వాడు నాతో నవ్వినప్పుడల్లా ఆమె పంపిన నవ్వేమోనని వెతుక్కుంటూ ఉంటాను.

"సెప్పు వొదినా" అంది, అప్పుడే వరస కలిపేసి. నా వేలు గాయం మానిందో లేదో చెయ్యి పట్టుకుని చూసింది. ఆ చెయ్యి లాక్కుని లేచి వచ్చేశాను.

లాంతరు రోజు

నేను మంచిదాన్నయి ఈ పని చేయలేదు. ఈ దినచర్య ఎవరైనా చదివితే ఆ పొరపాటు పడొద్దు. పశ్చాత్తాపం కొంచెం ఉంది, కాదనను. కానీ దానికంటే కుళ్ళే ఎక్కువ. కేదారిని ఆమెకి వదులుకోవడమైనా నా వల్ల అవుతుంది. ఆమె ఇస్తే పుచ్చుకోవడం మాత్రం నా వల్ల కాదు.

కేదారి రాగానే నల్లగుడ్డ అందుకోబోయాడు. అది నేను తీసుకుని, పసుపు కళ్ళద్దాలు వాడి చేతిలో పెట్టాను.

"ఇదేంది?" అన్నాడు. ఏటి అనలేదు. దానికి కూడా సంతోషించేంత అల్పురాలిని నేను.

"ఇవాళ నువ్వు చూడు. లాంతరు నేను పడతాను."

చిట్టిబాబు శంకుని బల్ల మీద పెట్టాను. గుడ్డ కట్టుకుని లాంతరు దించాను. లాంతరు బరువుగా ఉంది. ఇంత బరువు ఇన్నేళ్ళు ఎలా మోశాడో నేను ఒక్కసారీ అడగలేదు.

"నువ్వు చెప్పినట్టే ఉందిగా. నల్ల ఒళ్ళు, తెల్ల చుక్కలు" అన్నాడు.

"లాంతరు కింద వెలిగేది ఒకప్పటి రంగు, కేదారీ. వెలుగున్న చోట నలుపు చెప్పాలి. తిప్పి చెప్పు."

గుల్లని బల్ల మీద అటూ ఇటూ తిప్పడం వినిపించింది.

"తెల్ల ఒళ్ళు" అన్నాడు మెల్లగా. "నల్ల చుక్కలు."

"అది వెన్నెల శంకు. నీకు చెల్లెలు కాదు."

"ఆ రోజే తెలుసా నీకు?"

"తెలుసు. విరూపాక్షయ్య గారికి నేనే చెబుతాను. ఇవాళే చెబుతాను."

ఎందుకు చేశావని అడుగుతాడు. ఆ ప్రశ్నకి జవాబు రాత్రంతా కూడబలుక్కున్నాను. నా ప్రేమ, ఇన్నేళ్ళ ఎదురుచూపు, ఆ పీట, ఆ బుట్ట, అన్నీ వరసగా చెప్పాలనుకున్నాను. తిడతాడు, తిట్టనీ. నా వైపు తిరిగి గట్టిగా అరుస్తాడు, కనీసం ఆ కాసేపైనా వాడి మనసులో నేను తప్ప ఇంకెవరూ ఉండరు. గుడ్డ కింద కళ్ళు మూసుకుని ఆ కోపం కోసం కాచుకున్నాను.

కళ్ళద్దాలు బల్ల మీద పడ్డ చప్పుడైంది. వాడి కాలు తగిలి పీట పడింది. తర్వాత సొరంగంలో దూరమవుతున్న పరుగు, ఆ పరుగులోంచి "అలివేణీ!" అన్న కేక.

నేను గుడ్డ విప్పేసరికి గదిలో ఎవరూ లేరు. నన్ను తిట్టడానికి కూడా వాడు ఆగలేదు.